గడియారం చూసి వస్తే చాలదు

డిసెంబర్ వచ్చిందంటే తెలంగాణకు పాత గాయం, పాత గెలుపు రెండూ యాదికొస్తాయి. 2009లో నవంబర్ 29 నుంచి డిసెంబర్ 23 దాకా గడిచిన ఆ ఇరవై అయిదు రోజులను మనలో ఎవరమూ మరిచిపోలేదు. ఉస్మానియా హాస్టళ్ల ముందు చలిమంట కాగుతూ తెల్లవార్లూ మాట్లాడుకున్న ముచ్చట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి. ఆ రాత్రుల్లో మేము పదే పదే వేసుకున్న ప్రశ్న ఒకటుంది. మీకు చరిత్ర లేదు, సంస్కృతి లేదు అన్నవాళ్లకు మనం ఏం చూపించాలె? దానికి జవాబు క్యాంపస్‌కు పది కిలోమీటర్ల లోపే, అద్దాల అల్మారాల్లో భద్రంగా ఉన్నదన్న సోయి అప్పుడు మాకు లేదు. ఉపన్యాసాలు విన్నాం, పుస్తకాలు చదివాం, పాటలు పాడాం. రుజువును మాత్రం పోయి చూడలేదు.

రాష్ట్రం వచ్చి పదేళ్లు దాటింది. చలికాలం మళ్లీ వచ్చింది. సెలవులకు ఊర్ల నుంచి చుట్టాలు హైదరాబాద్‌కు వస్తున్నారు. కాలేజీ పిల్లలు బస్సులు కట్టుకొని వస్తున్నారు. జనవరి 1న నుమాయిష్ మొదలైతే నాంపల్లిలో కాలు పెట్టే జాగ ఉండదు. వచ్చినవాళ్లకు మనం చూపించేది ఏమిటి? చార్మినార్, ట్యాంక్‌బండ్, నుమాయిష్, మధ్యలో సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం. గంట కొట్టేదాకా నిలబడి, చప్పట్లు కొట్టి, బయటికొచ్చి చాయ తాగి ఇంటికి. మ్యూజియం చూసినం అంటే ఇంతే అర్థమైపోయింది.

గడియారాన్ని మేము తక్కువ చేయడం లేదు. మధ్యాహ్నం పన్నెండు కావస్తుంటే ఆ హాలులో పల్లెటూరి అవ్వ నుంచి ఇంజినీరింగ్ పిల్లగాని దాకా ఒకే తీరుగా మెడలు చాచి చూస్తారు. గడ్డపాయన తలుపు తెరుచుకొని వచ్చి పన్నెండు దెబ్బలు కొట్టి లోపలికి పోతాడు. కమ్మరి బొమ్మ మాత్రం సెకండుకో దెబ్బ కొడుతూనే ఉంటాడు. కులం, మతం, పైసలు, చదువు మరిచి జనం ఒక్క దగ్గర నిలబడే చోట్లు ఈ నగరంలో ఎన్ని ఉన్నాయి? అందుకు ఆ గడియారానికి దండం పెట్టాల్సిందే. మా బాధ వేరు. పన్నెండో దెబ్బ పడంగనే ఆ జనంలో సగం మంది గేటు దిక్కు పోతున్నారు. మిగిలిన గ్యాలరీల్లో నడిచేవాళ్లే తక్కువ.

అసలు ఆ వస్తువులు ఎవరివి? మేలిముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మను ఇటలీ శిల్పి బెంజోని చెక్కితే మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. అక్కడి సేకరణలో ఎక్కువ భాగం మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ కూడబెట్టింది. పెండ్లి చేసుకోలేదు, జీవితమంతా వస్తువులు కొనడానికే పెట్టాడు. 1949లో చనిపోయాడు. నలభై వేలకు పైగా వస్తువులు మిగిలాయి. ఆయన రసికత ముందు తల వంచుదాం. కానీ ఆ పైసలు ఎక్కడివి? జాగీరు గ్రామాల శిస్తు నుంచి వచ్చినవి. బండలు పగలగొట్టి, చెరువు కింద వరి పండించి, కొలిచి పోసిన రైతుల కష్టం అది. రోమ్ నుంచి వచ్చిన రెబెక్కా ముసుగు వెనుక పేరు లేని మన పాలమూరు, నల్లగొండ ముత్తవ్వల చెమట కూడా ఉంటుంది. అందుకే అది నవాబు సొత్తు కాదు, మన సొత్తు. టికెట్ కొని లోపలికి పోయే ప్రతి మనిషి చుట్టంలా కాదు, హక్కుదారులా పోవాలె.

ఇంకో ముచ్చట ఎవరూ చెప్పరు. భూమి కోసం, భుక్తి కోసం, వెట్టి విముక్తి కోసం మన పల్లెలు చేసిన సాయుధ పోరాటాన్ని 1951 అక్టోబర్‌లో విరమించారు. అదే ఏడాది డిసెంబర్ 16న నెహ్రూ చేతుల మీదుగా దివాన్ దేవిడీలో సాలార్‌జంగ్ మ్యూజియం జనానికి తెరుచుకున్నది. రెండు నెలల ఎడం కూడా సరిగా లేదు. జాగీర్దారీ 1949లోనే రద్దయింది. జాగీర్దారు ఇంటి తలుపులు 1951లో సామాన్యునికి తెరుచుకున్నాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడమని ఏ పాఠ్యపుస్తకమూ మన పిల్లలకు చెప్పలేదు. పార్లమెంటు 1961లో దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీ ఒడ్డునున్న ఇప్పటి భవనానికి మార్చారు. జాతీయ ప్రాముఖ్యం వచ్చింది, సంతోషం. మరి తెలంగాణ ప్రాముఖ్యం ఎప్పుడొస్తుంది?

ఈ ప్రశ్న మాకు ఊరికే పుట్టలేదు. మొన్నొక ఆదివారం మేము నలుగురం, కరీంనగర్ నుంచి వచ్చిన ఒక డిగ్రీ విద్యార్థితో కలిసి నగరంలోని ఒక మ్యూజియానికి పోయినం. పేరెందుకు గాని, ఆ జబ్బు ఒక్కదానిది కాదు. ఒక సున్నపురాతి పలక ముందు ఆ పిల్లగాడు ఆగిపోయాడు. కింద చీటీ ఉన్నది. ఏ రాయో రాసి ఉన్నది, ఏ శతాబ్దమో రాసి ఉన్నది. ఏ ఊరిదో మాత్రం లేదు. అక్కడ కుర్చీలో కూర్చున్న పెద్దమనిషిని అడిగితే ఆయన లేచి వచ్చి, "మీ దిక్కుదే బిడ్డా, మీ కరీంనగర్ దిక్కుదే" అన్నాడు. పిల్లగాడు నిలుచున్న చోటనే నిలబడిపోయాడు. "మా ఊరికి గంట దూరం కాక అది. ఇన్నేండ్లు ఎవ్వరూ చెప్పలే" అన్నాడు. ఆ తర్వాత గంటసేపు మేము కదలమన్నా కదలలేదు. చూడండి, ఒక్క ఊరి పేరు చేసిన పని! ఆ పేరు చీటీ మీద ఉంటే ఎంతమంది పిల్లలు అట్లా ఆగిపోయేవారు?

తెలంగాణకు చరిత్ర కాకతీయులతోనే మొదలైందని నిన్నటిదాకా చెప్పినవాళ్లున్నారు. అంతకు ముందు ఇదంతా అడవి అన్నారు. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో దొరికిన తొలి శాతవాహనుల నాణేలు ఆ మాటను అబద్ధం చేశాయి. ధూళికట్టలో బయటపడ్డ బౌద్ధ స్తూపం అబద్ధం చేసింది. 1940 దశకం మొదట్లో తవ్విన కొండాపూర్ దిబ్బలు, పెద్దబంకూరు, నేలకొండపల్లి, ఫణిగిరి ఒక్కొక్కటీ అబద్ధం చేశాయి. ఫణిగిరి సంగతే తీసుకుందాం. నల్లగొండ జిల్లాలో, ఇప్పటి సూర్యాపేట జిల్లాలో, పాము పడగ లాంటి గుట్ట. అక్కడ బయటపడ్డ తోరణపు దూలాల మీద చెక్కిన బుద్ధుని కథలను 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తొలినాటి బౌద్ధకళ ప్రదర్శనలో పెడితే ప్రపంచం వచ్చి చూసింది. 2024లో అదే ఫణిగిరిలో ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. మన గుట్ట శిల్పం అమెరికా దాకా పోయింది. సూర్యాపేట బస్టాండులో దిగే మన విద్యార్థుల్లో ఫణిగిరి గుట్ట ఎక్కినవాళ్లు ఎంతమంది? ఇది ప్రభుత్వాన్ని మాత్రమే అడిగే ప్రశ్న కాదు. మనల్ని మనం కూడా అడుక్కోవాలె.

పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం ముందు నిలబడి బోర్డు చదివితే మన రాజకీయ చరిత్ర అంతా కనబడుతుంది. 1930లో అది హైదరాబాద్ మ్యూజియం. తర్వాత ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర మ్యూజియం. ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర మ్యూజియం. బోర్డు మారడానికి ఎంతమంది పిల్లలు పానాలు ఇచ్చారో చెప్పే స్తూపం అక్కడికి నడిచిపోయే దూరంలోనే, గన్‌పార్కులో ఉన్నది. శిల్పి ఎక్కా యాదగిరిరావు 1969 అమరుల కోసం చేసిన స్తూపం అది. నగరంలో చూడదగ్గ శిల్పాల్లో దాన్ని లెక్కపెట్టేవాళ్లు తక్కువ. మనం డిసెంబర్‌లో అక్కడ పూలు పెట్టి, నినాదాలిచ్చి, ఎదురుగా ఉన్న తోటలోకి అడుగు పెట్టకుండానే తిరిగొస్తాం. ఆ తోటలోని మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉన్నది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చిన ఆ రాచపిల్ల దేహాన్ని చూడడానికి పిల్లలు ఎగబడతారు. ఎగబడనీయండి. కానీ ఈజిప్టు బిడ్డను చూసిన కండ్లతోనే మన నేల నుంచి లేచిన బుద్ధుణ్ని, కాకతీయ శిల్పాన్ని కూడా చూసి రావాలె కదా!

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలె. నిజాం పాలన మీద మనకున్న కోపం న్యాయమైనది. వెట్టిని, గడీలను, రజాకార్లను మరిచేది లేదు. కానీ 1914లో ఏర్పడ్డ హైదరాబాద్ పురావస్తు శాఖ చేసిన పని వేరే లెక్క. దాని మొదటి అధిపతి గులాం యజ్దానీ అజంతా గుహలను కాపాడే పనిలో ఇటలీ నిపుణులను పిలిపించాడు. చిత్రాలకు నకళ్లు రాయించాడు, సంపుటాలు అచ్చేశాడు. అప్పుడు అజంతా మన హైదరాబాద్ రాజ్యంలోనిది. ఆ నకళ్లు రాష్ట్ర మ్యూజియంలో ఉన్నాయి. గుహల్లో రంగులు ఏటికేడు మసకబారుతుంటే వందేండ్ల కిందటి ఆ నకళ్లకే ఇప్పుడు విలువ పెరిగింది. ఉర్దూ చదివిన ఒక ముస్లిం పండితుడు బౌద్ధ చిత్రాలను కాపాడడం, దాన్ని తెలుగు, మరాఠీ, కన్నడ జనమంతా తమదనుకోవడం. హైదరాబాద్ అంటే ఇదీ. మతం పేర మనల్ని విడగొట్టాలని చూసేవాళ్లకు ఈ ఒక్క గది చాలు జవాబు.

పాత నగరంలో పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం కథ ఇంకో తీరు. ఏడో నిజాం రజతోత్సవానికి వచ్చిన కానుకలు అక్కడున్నాయి. వెండి తీగ పనితనం చూస్తే మన కరీంనగర్ కంసాలుల చేతులు గుర్తొస్తాయి. 2018 సెప్టెంబర్‌లో దొంగలు వెంటిలేటర్ నుంచి దిగి బంగారు టిఫిన్ డబ్బాను, కప్పును, సాసరును ఎత్తుకపోయారు. పోలీసులు పది రోజుల్లోపే పట్టుకున్నారు. ఆ వార్త చదివి "ఇట్లాంటి మ్యూజియం ఒకటి మన దగ్గర ఉన్నదా?" అని ఆశ్చర్యపోయిన ఉద్యోగ మిత్రులు మాకు తెలుసు. దొంగలకు తెలిసిన తొవ్వ మనకు తెలియకపోవడం సిగ్గుచేటు. ఇక అసలు నగల సంగతి చెప్పనే అక్కరలేదు. కేంద్రం 1995లో దాదాపు 218 కోట్లకు కొన్న 173 నిజాం నగలు బొంబాయిలో రిజర్వు బ్యాంకు ఖజానాలో ఉన్నాయి. సాలార్‌జంగ్ మ్యూజియంలో 2001లో, 2006లో రెండుసార్లు చూపించి తీసుకపోయారు. మన సొత్తును మనం చుట్టపుచూపుగా చూడాల్సి రావడం ఏమి న్యాయం? వాటి జాగ హైదరాబాద్.

బొమ్మల గ్యాలరీల దగ్గరికొద్దాం. మాదాపూర్‌లో రాష్ట్ర ఆర్ట్ గ్యాలరీ ఉన్నది. రవీంద్రభారతి ఆవరణలో గ్యాలరీ ఉన్నది. దోమల్‌గూడలో జగదీశ్, కమలా మిట్టల్ దంపతులు తమ సేకరణనంతా ఇచ్చి 1976లో నెలకొల్పిన మ్యూజియం ఉన్నది. అందులో తెలంగాణ పటం బొమ్మలున్నాయి. మ్యూజియం అనే మాట మన నోట పడకముందే బొమ్మలు మన ఊర్లకు నడిచి వచ్చేవి. కోతలై, గింజలు ఇంటికి చేరినంక కూనపులివాళ్లు పద్మశాలీల వాడకు మార్కండేయ పురాణం పటం తెచ్చేవారు. డక్కలివాళ్లు మాదిగ వాడకు జాంబపురాణం తెచ్చేవారు. పటం విప్పి, ఒక్కొక్క బొమ్మకు కథ చెప్పి, రాత్రంతా నిలబెట్టేవారు. టికెట్ లేదు, గేటు లేదు. ఏ కులం ఎట్లా పుట్టిందో, ఎందుకు గొప్పదో ఆ కులం వాడకే వచ్చి చెప్పే గ్యాలరీ అది. చేర్యాల నకాషీ కుటుంబాలు ఆ పనిని ఇంకా బతికిస్తున్నాయి. బొమ్మలు చూసే అలవాటు మనకు లేదనడం అబద్ధం. ఆ అలవాటును మన నుంచి తప్పించారు.

అన్నవరంలో పుట్టి బొంబాయి జె.జె. స్కూలులో చదివిన పి.టి.రెడ్డి, బతుకమ్మను, బోనాలను గీసిన సిద్దిపేట కాపు రాజయ్య, కొండపల్లి శేషగిరిరావు, లక్ష్మాగౌడ్, పెద్ద బొట్టు పెట్టుకున్న మన పల్లె ఆడబిడ్డలను దేశమంతా గుర్తుపట్టేటట్టు చేసిన తోట వైకుంఠం. వీళ్ల బొమ్మలు ఇయ్యాల ఎవరి ఇండ్లల్లో వేలాడుతున్నాయి? కొనగలిగినవాళ్ల ఇండ్లల్లో. బొమ్మలో ఉన్న తల్లి మాత్రం తన బొమ్మను ఎన్నడూ చూడలేదు. ఒక ఆదివారం ఆ తల్లిని ఊరి నుంచి తీసుకొచ్చి గ్యాలరీలో ఆ బొమ్మ ముందు నిలబెడితే, కళ అంటే ఏమిటో ఆమె మనకు చెబుతుంది.

ఇంకో లోటు కూడా చెప్పాలె. ఈ మ్యూజియాల్లో కత్తులు చూసినం, డాళ్లు చూసినం, నవాబుల తుపాకులు చూసినం. కానీ దొరల గూండాల మీద తిరగబడ్డ మన జనం పట్టిన వడిసెల, గుత్ప మేము తిరిగిన గదుల్లో కనబడలేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. చాకలి ఐలమ్మ తన గింజలు తను కాపాడుకున్నది. వీళ్ల బతుకు చెప్పే వస్తువులు ఏ అల్మారాలో ఉన్నాయి? జోడేఘాట్‌లో కుమ్రం భీం పేర మ్యూజియం వచ్చింది, మంచిదైంది. 2023 జూన్ 22న హుస్సేన్‌సాగర్ ఒడ్డున తెరిచిన అమరవీరుల స్మారకంలో మ్యూజియానికి, ఫొటోలకు జాగ పెట్టారు. అది కూడా మంచిదే. కానీ కట్టడం ఒక ఎత్తు, అందులో నింపడం ఇంకో ఎత్తు. 1969 కరపత్రాలు, జైలు ఉత్తరాలు, ధూంధాంల గజ్జెలు, సకల జనుల సమ్మె నలభై రెండు రోజుల నోటీసులు, జీతాలు కోల్పోయిన ఉద్యోగుల కాగితాలు. ఇవన్నీ ఇప్పుడు మన ఇండ్లల్లో అటకల మీద చెదలకు మేతవుతున్నాయి. ఇయ్యాల వాటిని దించకపోతే, యాభై ఏండ్లకు మన మనుమలకు కూడా ఎవరో ఒకరు "మీకు చరిత్ర లేదు" అంటారు.

అందుకే మేము కొన్ని డిమాండ్లు పెడుతున్నాం. ప్రతి వస్తువు కింద ఊరి పేరు, మండలం, జిల్లా, దొరికిన ఏడు తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లిష్‌లో రాయాలె. చరిత్రలో పీజీలు, పీహెచ్‌డీలు చేసి కొలువుల్లేక తిరుగుతున్న మన పిల్లలను గైడ్లుగా, క్యూరేటర్లుగా తీసుకోవాలె. నియామకాలు అన్న మాటకు ఇక్కడ కూడా అర్థముండాలె. తెలంగాణ చిత్రకారులకు ఒక శాశ్వత హాలు కావాలె. జిల్లా మ్యూజియాలకు తాళం కాదు, సిబ్బంది కావాలె. సర్కారు బడుల పిల్లలకు నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మ్యూజియం ప్రయాణానికి బస్సు ఉచితంగా ఇవ్వాలె. నిజాం నగలు హైదరాబాద్‌కు రావాలె.

సర్కారు చేసేదాకా మనం ఆగాల్సిన పని లేదు. ఉద్యోగ మిత్రులు ఇంటికొచ్చిన చుట్టాలను ఈసారి గడియారం దగ్గరే ఆపొద్దు. చాలా మ్యూజియాలకు శుక్రవారం సెలవు, అది చూసుకొని బయలుదేరితే చాలు. ఎంజీబీఎస్‌లో దిగి మూసీ దాటితే సాలార్‌జంగ్. అసెంబ్లీ మెట్రో స్టేషన్‌లో దిగితే గన్‌పార్కు, పబ్లిక్ గార్డెన్స్. నుమాయిష్‌కు పోయే తొవ్వలో ఒక గంట పెట్టుకోండి. ఆ నుమాయిష్ కూడా 1938లో మొదలైంది పబ్లిక్ గార్డెన్స్‌లోనే. విద్యార్థి సంఘాలు ఒక్కొక్క ఆదివారం ఒక్కొక్క మ్యూజియం పంచుకోండి. పోయినచోట చీటీ మీద ఊరి పేరు లేకపోతే అక్కడి పుస్తకంలో రాసి సంతకం పెట్టండి. ఒకరు రాస్తే పక్కన పెడతారు. వెయ్యిమంది రాస్తే చీటీ మారుతుంది. రాష్ట్రమే తెచ్చుకున్న మనకు ఒక చీటీ మార్పించుకోవడం పెద్ద పనేమీ కాదు.

మాతో వచ్చిన కరీంనగర్ పిల్లగాడు సంక్రాంతికి ఊరికి పోతున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు వాళ్ల నాయినను తోలుకొని వస్తనన్నాడు. ఆ రాయి ముందు ఆయనను నిలబెట్టి, అది ఎక్కడిదో తానే చెబుతాడట.